ముందు చెయ్యి జూపు

ఎర్రగుంట్ల రైలుగేటు కాడ
సమ్మెటలకు, పికాసులకు, గొడ్డళ్లకు
పిడులేసే ఫక్కీరప్ప అంగడికి
ఏడో నంబరు గోల్ఫు కట్టె ఎత్తుకోని పోతి.

సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ ఎనకాల
గడ్డి మొలవని గోల్ఫు బయలుండాది.
పదారేండ్లుగా ఆడ బంతులేరేది నా పని.
బదిలీ అయిపోతా మేనేజరు సారు
జీపు ఎక్కబోతా ఎక్కబోతా దిగొచ్చి
ఈ కట్టె, ఒక గుడ్డసంచి నా చేతిలో పెట్టిపాయ.
కట్టె తొడుగు ఎండకు కరిగి
బెల్లంపాకం మాదిరి అంటుకుంటాంది.

"దీనికి పిడి మార్చల్లప్పా" అంటి.
కట్టె దిక్కు చూడనే లేదు ముసిలాయన.
"ముందు చెయ్యి జూపు."

పదకొండేండ్లు నాపరాయి గనిలో
డ్రిల్లు మిషను పట్టిన చెయ్యి.
ఉంగరం యేలు సగమే మడుచుకుంటాది,
తక్కిన సగం ఇంకా గనిలోనే ఉండాది.
నా పెండ్లి ఫోటోలో గూడా
ఈ ఎడమచెయ్యి జోబీలోనే ఉంటాది.

ఆయన ఆ యేలునే పట్టుకోని
మడిచి, సాపి, మళ్లా మడిచి
"పైన పట్టేది ఈ చెయ్యేనా?" అనె.
అవునంటి.
"అయితే దీన్ని బట్టే లెక్క."

సన్నపు పిడి అయితే
యేళ్లకొనలు అరచేతిని గీరుతాయంట.
పట్టు సాల్దేమోనని ఇంకా బిగిస్తామంట,
బిగిచ్చే కొద్దీ కట్టె
జాలరి చేతిలో చేప మాదిరి తిరుగుతాదంట.
లావు పిడి అయితే యేళ్లు ఇల్లు చేరవంట,
మణికట్టు మొద్దులెక్క నిలబడిపోతాదంట.
"కొనలు అరచేతిని తాకీతాకనట్టుండల్ల.
నిద్రపోయే బిడ్డ నొసలు ముట్టి
జరం చూస్తామే, అట్ల."

"ఈ ఆట ఎప్పుడన్నా చూసినావా అప్పా?"
"ఆటా?
గేటు పక్కన నలభై ఏండ్లుండి
రైలే సరిగ్గా చూడ్లా నేను."

సంచిలో మూడు తొడుగులుండాయి.
నున్నంది, గీతల్ది, నూలు కలిపి నేసింది.
నున్నంది చూడంగనే పక్కకు ఇసిరికొట్టె.
మే నెలలో మన చేతులకు చెమట పట్టదంట,
కారతాదంట.
గీతల్దాన్ని కాసేపు బొటనయేలుతో రుద్దె,
మనసు ఒప్పుకోల్యా.
నూలుది తీసుకోని, "ఇది గరుకు.
మెత్తచేతులోళ్లకు బొబ్బలు లేస్తాయి.
నీకేముంది, కాలిన కుండ."

పాతదాన్ని బ్లేడుతో నిలువునా చీరె.
టేపు ఒక చుట్టు చుట్టి పట్టుకోమనె. పడితి.
ఊహూ.
ఇంకో చుట్టు. పడితి.
ఈసారి నా మొగం దిక్కు చూసె, చెయ్యి దిక్కు గాదు.
ఉంగరం యేలు కాడ మాత్రం
యేలెడు వెడల్పున మూడో చుట్టేసె.
గిన్నెలో ఇంత పెట్రోలు పోసి తడిపి
ఒక్క తోపుతో తొడుగు ఎక్కిచ్చె.
అప్పుడే గూడ్సు పోతాంటే
ఏందో చెప్పె గానీ ఇనపళ్యా.

అరవై రూపాయలు.
మూడో చుట్టుకు ఇంకో పది.
తెల్లారేదాకా ముట్టుకోవద్దంట.
రాత్రి రెండుసార్లు లేచి ముట్టుకుంటి.

ఎవరూ రాకముందే పోతి బయలుకు.
సగం మడిచిన యేలు
ఎతుక్కోకుండానే దాని గట్టు మీద పోయి కూచునె.
మొదటి దెబ్బకు దుమ్ము లేసె.
రెండోదానికీ దుమ్మే.
మూడోది ఏమాయనో,
చేతికి ఏమీ తగల్నట్టే ఉండె,
బంతి మాత్రం లేదు.

ఎవరు కొట్టినా
చప్పుడు ఇని చెప్తా, బంతి ఏడ పడిందో.
కంపచెట్లలోనా, కాలవ గట్టునా,
సున్నపురాళ్ల కుప్ప ఎనకాలనా.
పదారేండ్ల చెవులివి.

నాది మాత్రం దొరకల్యా.
డ్యూటీ సైరను మోగె.
సార్లు వస్తాండారు, గొడుగులు, టోపీలు.
నేను ఇంకా కంపల్లోనే,
జోబీలో పెట్టడం మర్చిపోయిన చేత్తో
ముండ్లు పక్కకు జరుపుతా.