దుంపరాష్ట్రకం

ప్రతి మంగళవారం వచ్చేవాడు.
హెల్మెట్ తీయకుండానే "అరకేజీ" అనేవాడు.
గాంధీరోడ్డులో మా మూలికల అంగడికి
కరక్కాయకొచ్చే ముసలోళ్ళు, వసకొమ్ముకొచ్చే బాలింతల అమ్మలు,
కథ రేపనగా గొంతు పట్టుకొని వచ్చే హరిదాసులు
అందరూ తెలుసు నాకు.
వారంవారం అరకేజీ దుంపరాష్ట్రకం కొనే మనిషి మాత్రం
వీడొక్కడే.

"ఇంత దగ్గేందప్పా నీకు, ఎక్స్‌రే తీపించుకో" అన్నా ఒకరోజు.
హెల్మెట్ లోపల్నించి నవ్వినాడు.
"దగ్గు కాదు సామీ, చారు.
పచ్చిది చెన్నై లారీలో వస్తే వస్తాది, లేకుంటే మీ ఎండుదే గతి.
కరకంబాడి రోడ్డు, టైర్ల షాపు మీద, మూడో అంతస్తు.
థాయ్ హోటల్. అక్కను పిల్చుకొని రాండి ఒకసారి."

శనివారం పోయినాము.
అద్దాల తలుపు నెట్టాల్నో లాగాల్నో తెలీక
కుసుమ ఒకసారి నెట్టి, నేనొకసారి లాగి,
ఆఖరికి లోపలి పిల్లోడే వచ్చి పక్కకు జరిపినాడు.

ప్లాస్టిక్ వెదురు, నిజం తామరపువ్వు,
గల్లాపెట్టె మీద పడుకున్న బుద్ధుడు,
ఆయన తలగడకు ఆనించి కార్డు గీకే మిషను.
కిటికీలో కొండ. ఘాట్ రోడ్డు దీపాలు
ఎవురో ఆరేసి మరిచిపోయిన జరీ అంచు మాదిరి.

మెనూ కార్డు పెండ్లిపత్రిక కన్నా మందం.
కుసుమ కండ్లద్దాలు తుడుచుకొని చదివింది,
పేర్లను కాదు, కుడిపక్క అంకెల్ని.
"పోదాం పా" అంది కంటితోనే.
అప్పటికే నీళ్ళు పోసేసినారు.

మొగిలీశ్వర్ వంటింట్లోంచి వచ్చినాడు.
హెల్మెట్ లేకుండా వాన్ని చూడ్డం అదే మొదలు:
ఎడమ కనుబొమ్మ సగం మంట తినేసింది.
సొంతూరు పలమనేరు దగ్గర. ఫుకెట్‌లో ఆరేండ్లు గిన్నెలు కడిగి
ఏడో ఏట గరిటె పట్టినాడంట.
"శనివారం గదా, చేపల రసం వెయ్యలేదక్కా, ఒట్టు."
కుసుమ ఆ ఒట్టును కాసేపు చూసి, నమ్మింది.

ముందు చెనిక్కాయల ముద్ద,
పుల్లకు గుచ్చిన పన్నీరుతో.
"మన ఊరిబిండే ఇది, బెల్లం ఎక్కువైంది" అని తీర్పిచ్చి
గిన్నె వేలితో నాకింది.
చేతికిచ్చిన రెండు కర్రపుల్లల్లో ఒకటి
జారతా ఉన్న కొప్పుకు గుచ్చుకునింది.
రెండోది నా జోబీలో పెట్టింది. ఎందుకో తెలీదు.

తర్వాత చారు.
తెల్లగిన్నె, కొబ్బరిపాలు, పైన నిమ్మగడ్డి, నార్తాకు,
అడుగున గోరంత ముక్కలుగా నా సరుకు.
గోనెసంచిలో, తక్కెట్లో, పొట్లంలో
ముప్పై ఏండ్లుగా చూసినా దాన్ని.
పాలలో మునిగి మెత్తబడ్డం చూళ్ళేదు ఎప్పుడూ.

మొదటి చెంచా బాగుంది.
రెండో చెంచాలో మా నాయన దగ్గినాడు.

అదే వాసన.
కొర్లగుంట ఇల్లు, రేకుల కింద ఆఖరి చలికాలం,
తేనెలో రంగరించిన పొడిని ఆయన నాలిక మీద వేలితో పెట్టి
దగ్గుకూ దగ్గుకూ మధ్య
ఎంతసేపో లెక్కపెట్టేవాణ్ణి.
అంగడి నిండా మందే.
ఆ నలభై రాత్రులకు చాల్లేదు.

చెంచా కింద పెట్టేసినా.
కుసుమ ఏమీ అడగలేదు.
గిన్నె తన పక్కకు లాక్కొని
ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరి
కాగితం తువ్వాల మీద పెట్టి, మడిచి,
గిన్నె మళ్ళీ నా ముందుకు జరిపింది.
"ఇప్పుడు ఉట్టి చారు. తాగు."

ఉట్టిది కాలేదు.
అయినా తాగినా.

ఆఖర్న జిగురన్నం, మామిడిపండు.
"పండు యాడిది?" అంటే "దామలచెరువు" అన్నాడు.
బియ్యం మాత్రం సముద్రం దాటొచ్చిందంట.
రేణిగుంటలో దిగే విమానం ఒకటి నెత్తిమీద పోతే
కిటికీ అద్దాలు సన్నగా అదిరినాయి.

బిల్లులో చారు లేదు.
"మరిచిపోయినావప్పా" అన్నా.
"సరుకు మీదే గదా సామీ."
నేను వాదించినా. కుసుమ వాదించలేదు.

మంగళవారం మళ్ళీ వచ్చినాడు, హెల్మెట్‌తోనే.
అరకేజీ తూచి, పొట్లం కట్టబోయి, ఆగినా.
ఒక ముక్క తీసి, విరిచి, వాసన చూసి
దవడకు పెట్టుకున్నా.

వాడు చూస్తానే ఉన్నాడు.
"దగ్గా సామీ?" అన్నాడు.