రెండు చేతుల కొలత

మా మావుళ్ళు మావయ్య కుక్కని మొహం చూసి ఎంచడు.
ఎనిమిది నెలలు నిండాక, ముందుకాళ్ళ వెనక,
రొమ్ము చుట్టూ రెండు చేతులూ వేస్తాడు
చెంబు పట్టినట్టు.
కింద వేళ్ళు వేళ్ళని తాకాలి,
పైన వెన్ను మీద బొటనవేళ్ళు పలకరించుకోవాలి.
తాకితే ఇంట్లో ఉంటుంది.
తాకకపోతే, "ఇది కాపలాకి పుట్టిందే, కలుగులోకి కాదు" అని
రొయ్యల చెరువుల వాళ్ళకి ఇచ్చేస్తాడు.
ఆ పూట అన్నం తినడు.

లోసరి నుంచి గొంతేరు డ్రైను దాకా
దాళ్వా పొట్టకొచ్చే వేళ ఎవరి గట్టు కుంగినా
కబురు మాకే. తోకకి ఇంతని కూలి.
పందికొక్కు తవ్విన దారి మూరెడు లోపలికి వెళ్ళి
మోచెయ్యిలా మడత పడుతుంది.
ఆ మడతలో తిరగ్గలిగిందే కుక్క.
కాళ్ళు పొడుగైతే మోకాళ్ళు గీరుకుంటాయి,
మరీ పొట్టివైతే బోదె దాటలేదు.
రొమ్ము వెడల్పయితే మట్టి మింగుతుంది,
సన్నమైతే కొక్కు మింగుతుంది.
ఇవన్నీ మావయ్య చెప్పినవి కావు.
అడిగితే మిరియాన్ని చూపిస్తాడు.
నల్లగా, ఒక చెవి చిరిగి,
గడప మీద ఎండ కాగుతుంటుంది.

గవ్వ సంగతి మాత్రం ఒకసారి చెప్పాడు.
వేలెడు వెడల్పని తెలిసీ ముద్దుకొద్దీ ఉంచుకున్నాడు.
కలుగులో ఇరుక్కుంది.
కాలవకి నీళ్ళు వదిలిన రాత్రి అది.
గట్టు తవ్వితే చేను మునుగుతుంది,
తవ్వకపోతే గవ్వ.
తవ్వాడు.
మర్నాడు రైతు కాళ్ళ దగ్గర కూర్చుని
రెండు కోతల కూలి వదులుకున్నాడు.
గవ్వ బతికింది, కానీ ఆ తర్వాత
మంచం కిందకి కూడా దూరలేదు.

భీమవరం నుంచి ఒకాయన దూడంత మగకుక్కని
కారులో తెచ్చాడు. మిరియంతో కలపమన్నాడు.
"కాగితాలున్నాయండి దీనికి, తాతల పేర్లతో సహా."
మావయ్య చుట్ట ఆర్పి లేచాడు.
"కాగితాలైతే పడతాయండి కలుగులో.
కుక్కే పట్టదు."

కిందటి సార్వా ఊడ్పుల్లో మిరియం నాలుగింటిని ఈనింది.
మొన్న కొలిచాడు.
ఒక్కదానికీ వేళ్ళు కలవలేదు.
మళ్ళీ కొలిచాడు. ఊపిరి వదిలేదాకా ఆగి కొలిచాడు.
"మిరియం నెత్తురు పలచబడింది" అన్నాడు,
చెరువు వాళ్ళకి కబురంపమన్నాడు.

సాయంత్రం టీ ఇచ్చాను.
గ్లాసు చుట్టూ కూడా ఆ వేళ్ళు పూర్తిగా ముడుచుకోలేదు.
కణుపులు అల్లం కొమ్ముల్లా.
ముప్పయ్యేళ్ళ గునపం ఆ చేతుల్లోనే ఉండిపోయింది.

నేనేమీ అన్లేదు.
కబురూ పంపలేదు.
చెరువు గట్టు కింద పారేసిన ఆరంగుళాల గొట్టం తెచ్చి
మలుపు ముక్క బిగించి, సగం పాతిపెట్టి,
అటు కొసన బుట్టలో బతికున్న కొక్కుని పెట్టాను.
మొదటిది వాసన చూసి వెనక్కొచ్చింది.
రెండోదానికి సీతాకోకచిలుక ముఖ్యమైంది.
మూడోది తల దూర్చింది.
గొట్టం లోపల గోళ్ళ చప్పుడు,
మలుపు దగ్గర ఆగింది.
మావయ్య చుట్ట తీసి చేత్తో పట్టుకున్నాడు.
మళ్ళీ గోళ్ళు.
అటు కొసన దుమ్ముతో, తుమ్ముతూ
ఆయన చేతుల్లోకే వచ్చింది.

అలవాటుగా వేళ్ళు వేశాడు.
బొటనవేళ్ళ మధ్య వేలెడు ఎడం.
ఆ ఎడాన్ని చూశాడు.
గొట్టాన్ని చూశాడు.
తర్వాత తన బొటనవేళ్ళని,
ఎవరివో అయినట్టు.

"ఏదే, నీ చేతులు పెట్టు."
పెట్టాను. నావి చిన్నవి.
బొటనవేళ్ళ మధ్య తన వేళ్ళు రెండు దూర్చి చూశాడు,
ఇరుగ్గా సరిపోయాయి.
"నీకు రెండు వేళ్ళు" అన్నాడు. "గుర్తెట్టుకో."

నాలుగోదాన్ని కూడా దూర్చమని
బుట్ట సర్దడానికి వంగాడు.
చేతిలోదానికి ఇంకా పేరు పెట్టలేదు.
నా బొటనవేళ్ళ మధ్య దాని వెన్ను
పైకీ కిందకీ ఆడుతోంది.