మూడు సెకన్ల దారి

ఎనభై మీద పోయే కారుకి
బోర్డు కనిపించేది మూడే సెకన్లు.
ఆ మూడిట్లో పూరీ బాట మొత్తం పట్టించమని
టెక్కలి ఆఫీసులో కాగితం చేతికిచ్చారు.
నలభై అడుగుల వెడల్పు, ఇరవై ఎత్తు.
ఏనుగు ఉండాలి, పల్లకీ ఉండాలి,
కింద సిమెంటు కంపెనీ పేరుకి జాగా వదలాలి.

ఫ్లెక్సులొచ్చాక అటకెక్కించిన కుంచెల్ని
కిరసనాయిల్లో రెండ్రోజులు నానబెట్టాను.
తవిటయ్య తాడు పట్టాడు, గళ్ళు గీశాను,
ఏనుగు బాగానే వచ్చింది.

కోటబొమ్మాళి దాటాక, ఇనప కాళ్ళ పక్కన
తాటిముంజెలమ్మే దాలెమ్మ తలెత్తి చూసి,
"ఏనుగెప్పుడెల్లింది బాబూ ఈ తోవంట?
మాయమ్మ తల్లెల్లింది.
నౌపడ ఉప్పు బళ్ళెనక,
కారిన ఉప్పు కొంగులోకి ఏరుకుంటా."

ఒక ముంజె ఒలిచేంత సేపాగి,
"అయినా ఆ తోవ ఇది కాదు. అద్గదీ."

కత్తి చూపించిన వైపు, జీడితోట అవతల
వరిమళ్ళ మధ్య వంకరగా నాలుగు చింతచెట్లు.
అయిదోదాని చోట సెల్ టవరు.

ఏనుగుని చెరిపేశాను.
మొదటి బోర్డు నిండా పాదాలు. పాదాలే.
మడమ పగులుకి ఇటుక పొడి రంగు,
పగులు లోపల ఒక గీత ఉప్పు తెలుపు.
రెండోదాని మీద బండిచాళ్ళు రెండు
ఎక్కడా కలవకుండా పోతాయి.
మూడోది గీయలేదు.
నడుమ కిటికీ అంత కన్నం కోయించాను.

"బొమ్మేదయ్యా?" అన్నాడు ఇంజనీరు.
వెనకుంది సార్.
మెడ వంచి చూశాడు. "చెట్లేగా!" అన్నాడు.
కన్నం కొలత తీసేసి బిల్లు రాశాడు.

ఒకనాడు బరంపురం లారీ ఆగింది.
దిగినవాడు దిగిన పని మరిచిపోయి
లుంగీ ముడి పట్టుకుని అలాగే నిలబడ్డాడు,
మూడు సెకన్ల కంటే కాస్త ఎక్కువే.

మధ్యాహ్నం తిరిగాక
బోర్డు నీడ రోడ్డు వైపు వాలుతుంది,
నీడ మధ్యలో పలకంత ఎండ.
లారీలు తొక్కుతాయి, బస్సులు తొక్కుతాయి,
అది నలగదు, మెల్లగా జరుగుతుంది.

దాలెమ్మ విసుక్కుంటూ
ముంజెల గంప ఇటు లాక్కుంటుంది.
"ఈ కన్నమొకటెట్టావు నాకు," అంటుంది.