వేలెడు సందు

బెత్తెడు దించాం మారిసోల్ ట్రక్కుని.
పొట్ట నేలకానించి పాకే ఉడుంలా
అరవై తొమ్మిది నాటి షెవీ
ప్యూబ్లో వీధుల్లో హొయలు పోయింది
నార్తర్న్ అవెన్యూ గతుకు దాకా.

అక్కడ
ఠంగ్.
సీటు కింద ఎవరో గునపంతో పొడిచినట్టు.
ఆమె బండి ఆపి
నా వైపు చూసింది, గతుకు వైపు కాదు.

నిజమే. స్ప్రింగులు కోసింది నేను.
తొట్టి దిగితే ఇరుసు దాని మీదికొస్తుందనీ
ఇరుసు వెంట డ్రైవ్‌షాఫ్టూ లేస్తుందనీ
పైన అడ్డపట్టీ కాచుక్కూచుందనీ
తెలిసీ, కొలవకుండా కోసింది నేను.

మర్నాడు షెడ్డులో
ఇరుసు కింద జాకీలు పెట్టి వెల్లకిలా దూరాను.
పట్టీ అడుగున కొత్త వెండి గాటు.
ఎంత తగులుతోందో చూద్దామంటే చూపు దూరదు,
వేలు పెడదామంటే
వేలు నాకింకా కావాలి.

ఇంటికెళ్ళి ఫ్రిజ్‌లో మిగిలిన చపాతీ పిండి తెచ్చాను.
నిమ్మకాయంత ముద్ద ఆ ఇరుకులో అంటించి
"ఎక్కండి" అన్నాను.
మారిసోల్, ఆమె మేనమామ డెల్ఫీనో,
ఆరు సిమెంటు బస్తాలు.
మేనమామ ఒకసారి గెంతాడు కూడా, అడక్కుండానే.

ముద్ద అప్పడమై వచ్చింది.
ఎత్తి పట్టుకుంటే
అందులోంచి బల్బు కనిపించింది.

ఇక కోత.
పగలంతా మిల్లులో రైలు పట్టాల మధ్య చేసే పనే,
కానీ అక్కడ తప్పయితే సూపర్‌వైజర్ అరుస్తాడు,
ఇక్కడ ఒక మనిషి ఊరుకుంటుంది.
పట్టీ నడుమ తీసేసి
మందపాటి రేకుని కమానులా వంచి అతికాను.
రవ్వలు కాలర్లోంచి దిగి వీపంతా తిరిగాయి.
"ఇరుసు మూతి రెండు డిగ్రీలు దించు,
అలిగిన పిల్లలా" అన్నాడు డెల్ఫీనో.
చీలలు దూర్చి దించాను.

రెండో ముద్ద పెట్టాం.
మళ్ళీ బస్తాలు, మళ్ళీ గెంతు.
ఈసారి దిబ్బరొట్టె:
నా చూపుడువేలు పక్కన పెడితే సరిగ్గా అంత మందం.

సాయంత్రం అదే గతుకు.
చప్పుడు లేదు.
మారిసోల్ రివర్సు చేసి మళ్ళీ ఎక్కించింది.
మూడోసారి కూడా,
నమ్మలేకో, నన్ను కాసేపు కూచోబెట్టడానికో.

అప్పుడొచ్చింది వాసన.
ఎందుకైనా మంచిదని పెట్టిన మూడో ముద్ద
తీయడం మర్చిపోయాను.
జారి సైలెన్సర్ గొట్టం మీద పడి
కమ్మగా కాలుతోంది.

"టోర్టియానా?" అన్నాడు వెనక తొట్టిలోంచి డెల్ఫీనో.
"పుల్కా" అన్నాను.
ఆకలేసింది, ముగ్గురికీ.