పదిహేడో నంబరు పొట్లం

రాసప్ప చెట్టి వీధిలో కొన్నాను, బిల్లు అడిగి మరీ.
ముక్కుపొడి అంటిన వేళ్లతో తూచి
ఊటుకూరు రంగయ్యశెట్టి
పొట్లం మీద పెన్సిలుతో అశోక అని రాశాడు.
"మా తాత నాటి నుంచీ ఇదే బెరడమ్మా,
మెషీనుకేం తెలుసు, నమిలి చూడు."
నమిలాను. వగరు.
వగరు లేని బెరడేది?

తరమణి ల్యాబులో దాని పేరు పదిహేడు.
ద్రవ నైట్రోజన్ పోసి నూరితే
పొగలు కక్కింది గానీ పలకలేదు.
మొదటిసారి గోధుమరంగు జిగురు.
రెండోసారీ అదే.
మూడోసారి సెల్వి గొంతు తగ్గించి
"బెరడు మొండిది అక్కా,
ఆకైతే ఈపాటికి ఒప్పేసుకునేది" అంది,
లాకప్ బయట నిలబడ్డ కానిస్టేబుల్లా.

నాలుగోసారికి, కరెంటు పోయి వచ్చాక,
జెల్ మీద గోటితో గీసినంత వెలుగు.
బుధవారం అక్షరాలొచ్చాయి.
ఉన్నవి నాలుగే, అటు తిప్పి ఇటు తిప్పి ఆరువందల చిల్లర.
గుణింతం లేదు, ఒత్తు లేదు,
అయినా మరోలా చదవడానికి వీల్లేదు:
నరమామిడి.

కిటికీలోంచి చూశాను.
గోడ వెంట పదకొండు నరమామిళ్లు
డ్రిల్లు పిరియడ్లో పిల్లల్లా నిటారుగా.
వాచ్‌మన్ వాటిని అశోక చెట్లనే అంటాడు.
నేనూ అన్నాను, బీయస్సీలో చేరేదాకా.
తుపాను తర్వాత తీగలకు తగిలే కొమ్మలు కార్పొరేషన్ నరికితే
ఎవరో మోపుకట్టి ట్రైసైకిల్ మీద వేసుకెళ్లేవాళ్లు.
పొయ్యిలోకేమో అనుకున్నాను.

చెట్టు ఏ అబద్ధమూ ఆడలేదు.
తన మానాన తను పెరిగింది,
పిలుపే ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి దూకింది.

మా పిన్ని వనజాక్షి మూడేళ్లు తాగింది,
నాలుగు గ్లాసులు ఒక గ్లాసుకి మరిగించి,
ముక్కు మూసుకుని.
నెలకి పదిహేను రోజులు రక్తం,
ఎగ్మోర్ ఆసుపత్రికి వెళ్లేసరికి ఒంట్లో ఆరు గ్రాములు.
ఆ గ్లాసులో ఏముండేదో
ఇప్పుడెవరు పరీక్ష చేస్తారు?
గ్లాసు కూడా లేదు.

రిపోర్టు పట్టుకుని మళ్లీ ప్యారిస్ వెళ్లాను.
శెట్టి అద్దాలు తుడుచుకుని, కాగితం దగ్గరగా పెట్టుకుని,
దూరంగా పెట్టుకుని చదివాడు.
అరుస్తాడనుకున్నా.
"నలభై ఏళ్లుగా అమ్ముతున్నా," అన్నాడు మెల్లగా,
"అసలు చెట్టు ఎట్లా ఉంటుందమ్మా?"

నేను చూసిందీ హెర్బేరియంలో ఎండి అతుక్కున్న కొమ్మే.
ఫోను తీసి పేరు కొట్టాను.
మొదట వచ్చిన బొమ్మ
నరమామిడి.