బిళ్ళ

పర్లాకిమిడిలో మా జీడిపప్పు బట్టీ ఆఫీసుకి
ఒకటే కిటికీ.
అందులోంచి ఆంధ్రా కనిపిస్తుందంటారు చలమయ్య గారు.
నాకు పెంకుల గుట్టే కనిపిస్తుంది.

రూపాయి సముద్రం దాటబోతోందని పేపర్లో వేశారు.
ఆయన రెండుసార్లు చదివించుకున్నారు.
"అయితే గింజలకి ఇంకా డాలరెందుకు?
రూపాయల్లో ఇస్తామని రాసెయ్."
రాశాను.

టాంజానియా నించి తొమ్మిదో రోజుకి జవాబు,
మర్యాదగానే ఉంది.
మీ రూపాయిని నేను నమ్ముతాను,
మా ఊళ్ళో డీజిలు పోసేవాడు నమ్మాలి కదా.
మీ దేశం నించి నేను కొనేది
మందుబిళ్ళలూ, ఏడాదికో ట్రాక్టరూ.
మిగిలిన రూపాయల్ని ఏం చేసుకోను?

చలమయ్య గారు పొడుం పీల్చి
చాలాసేపు తుమ్ము కోసం ఆగారు.
రాలేదు.

గురువారం సంతలో
సుకాంతి సబర దగ్గర పసుపుకొమ్ములు తీసుకుని
పది రూపాయల బిళ్ళ ఇచ్చాను.
గోటితో అంచు గీకి చూసి
వెనక్కి తోసేసింది.
"గవర్నమెంటుదే సుకాంతీ,
పాతపట్నంలో తీసుకుంటున్నారు."
"నీ కాడ తీసుకుంతారు బాబూ.
నా కాడ ఎవులు తీసుకుంతారు?
బస్సోడు తియ్యడు, ఉప్పుకొట్టోడు తియ్యడు."

నోటిచ్చాను. నడిమికి చిరిగి, టేపు అతికించినది.
బోణీ అని కళ్ళకద్దుకుంది.

ఆ నోటు వెనక పదిహేను భాషల్లో
ఒడియా పదోది, తెలుగు పద్నాలుగోది,
మధ్యలో మూడు పంక్తులు.
ఇక్కడ మాకు మధ్యలో మహేంద్రతనయ,
వైశాఖంలో మోకాలి లోతు.
మోకాలి లోతు దాటలేని బిళ్ళని
జేబులో మోగించుకుంటూ
ఓడల గురించి ఆలోచిస్తూ నడిచాను.

ఆ ఓడకి డాలర్లలోనే కట్టాం.

గేటు ముందు టీకొట్టు దండపాణితో మాత్రం అన్నాను:
నువ్వు తీసుకో, నెలాఖరుకి నీ బిళ్ళలన్నీ
నేను తీసుకుంటా, ఒక్కటీ వదలను.
వాడు పాలు పొంగించుకుంటూ విన్నాడు,
విన్నాడో లేదో.
తర్వాత పెంకులు కొట్టే ఆడవాళ్ళు
జీడినూనెకి నల్లబడ్డ వేళ్ళతో
బిళ్ళ పెట్టి టీ తాగడం చూశాను.
ఉప్పుకొట్టోడు కూడా అక్కడే తాగుతాడు.

ఎన్ని గురువారాలయిందో లెక్క పెట్టలేదు.
చింతపండు తూచి, చిల్లర వెతుకుతూ
సుకాంతి కొంగుముడి విప్పింది.
పది రూపాయల బిళ్ళ.
ఇవ్వలేదింకా. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని
నా మొహంలోకి చూసింది,
"తీసుకుంతావా?"