అసంపూర్తి

కార్క్ ఊళ్ళో, లీ నది మీదికి కిటికీ ఉన్న
ఒంటిగది ఇల్లొకటి అద్దెకుంది.
దానికి అరవై రెండు దరఖాస్తులు.
చదివేది నేను.

ఆడదాని వయసు, మగాడి జీతం
అడగకూడదంటారు.
మేం రెండూ మొదటి పేజీలోనే అడుగుతాం.
ఇల్లు చూడ్డానికి రాకముందే
ఆరు నెలల బ్యాంకు లెక్కలు, జీతం చీటీలు,
పని ఇచ్చినవాళ్ళ ఫోను నంబరు,
పాత ఇల్లు ఎందుకు వదిలారో రెండు ముక్కలు.
ఇస్తారు. ఇవ్వక?
బయట వాన. లోపల ఒకే ఒక్క గది.

అట్లా నాకు తెలిసిపోయాయి:
ఇరవై మూడో నంబరాయన మంగళవారం మంగళవారం
మనసు డాక్టరుకి డెబ్భై యూరోలు కడతాడు.
నలభయ్యో నంబరావిడ తమ్ముడికి
శుక్రవారం ఇరవై పంపి
పక్కన ఎందుకూ అని రాసే చోట
"తాగొద్దు" అని రాస్తుంది.
పదకొండో నంబరు జంట జూన్‌లో ఉయ్యాల కొన్నారు.
జూలైలో ఆ డబ్బు వెనక్కి వచ్చింది.

ఇది నాకెందుకు తెలియాలి?
రాత్రి గిన్నెలు కడుగుతుంటే
ఆ జూలై నా చేతులకి అంటుకుంటుంది.

యాభై ఏడో నంబరు ఒక్క కాగితమే పంపింది.
గోబ్నెట్ హెగర్టీ. పని: పియానోలు శ్రుతి చేయడం.
వచ్చిన డబ్బు తప్ప
పోయిన ప్రతి పైసా మీదా నల్ల సిరా.
కింద సన్నటి చేతిరాత:
"అద్దె కట్టగలనా అన్నది మీ ప్రశ్న.
జవాబు ఇందులో ఉంది.
ఇల్లు నాకే ఇస్తామన్న రోజున
ఇంకేం కావాలో, ఎందుకు కావాలో,
ఎన్నాళ్ళు దాచుకుంటారో
రాసి ఇవ్వండి. అప్పుడు మాట్లాడదాం."

ట్వోమీ గారు కాగితం దీపానికి ఎత్తి చూశారు.
"తప్పేం లేనప్పుడు దాపరికం ఎందుకట?
అసంపూర్తి అని ముద్ర కొట్టు" అన్నారు.
అని, తన గదిలోకి వెళ్ళి
తలుపు వేసుకున్నారు,
ఇంటి అప్పు గురించి ఎవరితోనో మాట్లాడ్డానికి.

ముద్ర నా చేతిలోనే ఉంది.
కాగితం మీద నల్ల మెట్లు, మధ్య తెల్ల మెట్లు:
ఒక బడి, నూట పది.
ఒక చర్చి, తొంభై అయిదు.
ఎవరో మిసెస్ లూసీ, నలభై, రెండు విడతలుగా.

ఫోను చేశాను. చేయకూడదు.
దరఖాస్తు సంగతి ఎత్తకుండా
ఊరికే అడిగాను:
"పియానో మూత తీస్తే లోపల ఏముంటాయి?"
కాసేపు ఆగి నవ్వింది.
"చిల్లర, తల పిన్నులు, పెన్సిలు ముక్కలు.
ఒకసారి ఉత్తరాల కట్ట."
"చదివారా?"
"నా పని తీగలతో కదమ్మా.
దుమ్ము దులిపి
ఉన్నచోటే పెట్టి మూత వేశాను."

ఇల్లు తొమ్మిదో నంబరుకి వెళ్ళింది.
మిగతావి ఉంచమన్నారు, ఎప్పుడైనా పనికొస్తాయని.
దేనికి అని అడిగాను.
పనికి, అన్నారు.

అందరూ వెళ్ళాక
కాగితాలు కోసే యంత్రం దగ్గర నిలబడ్డాను.
అరవై ఒక్క ఇళ్ళ గుట్టు
సేమియాలా రాలింది.
రేపు ఏమంటారో తెలీదు.
ఉయ్యాల కాగితం చివర వేశాను,
ఎందుకో మడిచి.

వచ్చే నెల నేనూ ఇల్లు మారాలి.
దారిలో దుకాణంలో లావుపాటి నల్ల పెన్ను కొన్నాను.
రెండు యూరోల ఇరవై.
కార్డు బయటికి తీసి
మళ్ళీ లోపల పెట్టుకుని
చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.